మబ్బులు తోలే విమానం

ఆ రోజుల్లో ఆకాశమంటే నాకు విమానం ఎగరేసుకునే ఖాళీ జాగా, అంతకు మించి ఏమీ కాదు. మా అనంతపురం వైపు మనుషులు పొద్దున్నే లేచి ముఖం కడుక్కోకముందే తల పైకెత్తి చూస్తారనీ, ఆ ఒక్క చూపులోనే ఆ ఏడాది పిల్లల చదువులు, పెళ్లిళ్లు, కొత్తబట్టలు అన్నీ తేలిపోతాయనీ నాకు తెలియక కాదు. ఉరవకొండలో మా నాయనది ఎరువుల అంగడి. వాన ముఖం చాటేసిన ఏడాది ఆయన గల్లాపెట్టె ముందు కూర్చుని ఈగలు తోలుకుంటూ, వచ్చేపోయే ప్రతి మనిషినీ "ఆ పక్క ఏమన్నా పడిందాప్పా?" అని అడగడం చూస్తూ పెరిగినవాణ్ణే. కానీ కొత్తగా రైల్వేలో గుమాస్తా ఉద్యోగం దొరికి, గుంతకల్లులో అక్కావాళ్ల ఇంటి దగ్గరే ఒక గది తీసుకుని, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని ఆదివారాలు మొదటిసారి చేతికి వచ్చిన కుర్రవాడికి తెలిసినవన్నీ గుర్తుండవు. నాకు గుర్తున్నవి మోటారు, బ్యాటరీ, రెక్క, తోక. రిమోటుతో ఎగిరే బొమ్మ విమానాల పిచ్చి నన్ను పూర్తిగా పట్టేసిన కాలం అది.

ఫోన్లో వీడియోలు చూసి సొంతంగా చేయడం మొదలుపెట్టాను. మొదటి విమానం మా వీధిలో కరెంటు తీగలకు చిక్కుకుని అక్కడే ఎండి రాలిపోయింది. రెండోది నేరుగా వెళ్లి పక్కింటి మిద్దె మీద ఆరబోసిన వడియాల్లో దిగింది (ఆ ఇంటావిడ ఇప్పటికీ నన్ను చూస్తే వడియాల మీదికి చెయ్యి అడ్డం పెడుతుంది). ఈ కథ మూడోదాని గురించి. దానికి రెక్కలు మా బావ తెచ్చిపెట్టాడు. బావ గూడ్సు రైలు నడుపుతాడు. రైల్వే కాగితాల్లో ఆయన హోదా లోకో పైలట్ అని రాసి ఉంటుంది, ఆ పైలట్ అన్న మాట ధైర్యంతో నాకు విమానాల గురించి సలహాలిచ్చేవాడు. ఒక నాయకుడి పుట్టినరోజుకు సెంటర్లో కట్టిన ప్లాస్టిక్ అట్ట బోర్డు, పండగ అయిపోయి ఓ పక్క పడేసి ఉంటే, "తేలిగ్గా ఉండాది, గట్టిగా ఉండాది, నీకు పనికొస్తాది చూడు" అని బండి మీద అడ్డంగా పెట్టుకుని తీసుకొచ్చాడు. నిజంగానే రెక్కకు అంతకన్నా మంచి సరుకు దొరకదు. కోసి మడిచి చూస్తే ఎడమ రెక్క కిందివైపు నాయకుడి ఒక కన్ను, సగం మీసం వచ్చాయి. కుడి రెక్క మీద మిగిలిన సగం మీసం, పక్కన 'శుభాకాం' అనే అక్షరాలు. (ఆ నాయకుడెవరో చెప్పను. తర్వాత ఆయన పార్టీ మారాడు, ఇప్పుడు చెబితే ఎవరికి కోపం వస్తుందో నాకే తెలియదు.) ఆ బొమ్మను నేను కావాలనే ఉంచేశాను. పైకి పోయాక విమానం సరిగా ఉందో తలకిందులైందో కింది నుంచి తెలియదు, అందుకే అడుగు భాగానికి ముదురు రంగు వేస్తారు. నాకు రంగు ఖర్చు లేకుండా నాయకుడు కనిపిస్తే సరిగా ఉన్నట్టు, కనిపించకపోతే కొంప మునిగినట్టు.

ఆ విమానానికి ఒకే ఒక్క జబ్బు, తోక బరువు. బావ చేతులెత్తి విసిరితే ముక్కు పైకెత్తుకుని కాస్త దూరం ఎక్కి, ఏదో మరిచిపోయినదానిలా ఆగి, ధభీమని దిగేది. ముక్కులో ఏదన్నా బరువు పెట్టాలని వీడియోల్లో చెప్పారు. నేను మాత్రం నా చదువుకు తగ్గట్టు రెక్కల కోణం మార్చడం, తోక గీకడం, మోటారు వంచడం లాంటి గొప్ప పనులు చేస్తూ ఉండేవాణ్ణి. పగిలిన ప్రతిసారీ జిగురు, టేపు. కొన్నాళ్లకు అందులో బోర్డు ఎంతో టేపు ఎంతో చెప్పలేని పరిస్థితి వచ్చింది. అయినా అది నేను చేసి, నేను ఎగరేసి, నేనే బతికించుకుంటున్న విమానం. పెళ్లి సంబంధం చూడటానికి రమ్మని అమ్మ కబురు పెట్టిన ఆదివారం కూడా "డ్యూటీ ఉంది" అని చెప్పి దాన్ని ఎగరేయడానికే పోయాను.

ఊళ్లో తీగలూ మిద్దెలూ అడ్డమని, బావ బండి మీద ఉరవకొండ దారిలో ఒక పల్లె వెలుపల ఉన్న బీడుకు వెళ్లేవాళ్లం. చుట్టూ శెనక్కాయ చేలు, దూరంగా గుట్టల మీద వరసగా గాలిమరలు. దిగడానికి, పడడానికి, పడ్డాక వెతుక్కోవడానికి అంత అనువైన చోటు మరొకటి లేదు. శ్రావణమాసంలో ఒక ఆదివారం. శెనక్కాయ ఊడ దిగే సమయం, అంటే పూత నుంచి ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే రోజులు. అప్పుడు ఒక్క వాన పడితే పంట, పడకపోతే పశువుల మేత. చాలా రోజులుగా చినుకు లేదు. ఆ మధ్యాహ్నం పడమటి నుంచి ఒక నల్లటి మబ్బు లేచింది. చల్లగాలి మొదలైంది. చేలల్లో కలుపు తీస్తున్న వాళ్లు నడుములెత్తి నిలబడి చూస్తున్నారు. నేను కూడా ఆ మబ్బునే చూశాను, అయితే 'ఎండ తగ్గింది, ఇప్పుడు విమానం బాగా కనిపిస్తుంది' అనుకున్నాను. బావ విసిరాడు. ఆ రోజెందుకో అది ముక్కు ఎత్తినా పడిపోలేదు. నేరుగా ఆ మబ్బు కిందికి పోయి గుండ్రంగా తిరగసాగింది. నల్లటి మబ్బు కింద నాయకుడి సగం మీసం అటూ ఇటూ తిరుగుతుంటే బావ చప్పట్లు కొట్టాడు. నా బతుకులో అంతసేపు ఎప్పుడూ ఎగరేయలేదు. దింపేసరికి గాలి మళ్లింది, మబ్బు విడిపోయి ఎటో వెళ్లిపోయింది, ఎండ కాసింది. ఇంకా విమానం చేతిలోకి తీసుకోకముందే చేలల్లోంచి జనం మావైపు వస్తూ కనిపించారు. మెచ్చుకోవడానికి వస్తున్నారని అనుకుని నేను జుట్టు సర్దుకున్నాను.

ముందు నడిచి వచ్చినాయన్ను ఊళ్లో అందరూ మీసాలన్న అంటారని తర్వాత తెలిసింది. పెద్ద రైతు. ఆయన మీసం ముందు నా రెక్క మీది మీసం వెలవెలబోయింది. ఆయన నాతో మాట్లాడలేదు, విమానం ముక్కున ఉన్న ఫ్యానును వేలితో తిప్పి చూశాడు.

"ఏమప్పా, ఇది తిరిగితే గాలి వస్తాదా?"

"వస్తుందన్నా, అందుకే ఎగురుతుంది" అన్నాను ఉత్సాహంగా. పాఠం చెప్పే అవకాశం వచ్చిందని నా సంబరం.

ఆయన వెనక్కి తిరిగి జనంతో అన్నాడు: "ఇన్నారు కదా. ఆ గుట్ట మీద ఫ్యాన్లు దూరంనుంచి మబ్బును తోల్తాండాయి. అవి చాలవని ఈయప్ప సన్నది ఒకటి చేసుకొచ్చి, మబ్బు కిందికే పోయి తోల్తాండాడు."

గాలిమరలు మబ్బుల్ని తరిమేస్తాయని మా వైపు చాలామందికి గట్టి నమ్మకం. అది నాకు తెలిసిన విషయమే, కానీ ఆ నేరం నా మీదికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. నేను నా చదువంతా బయటికి తీశాను. మబ్బు ఎంత ఎత్తులో ఉంటుంది, నా విమానం ఎంత ఎత్తులో ఉంటుంది, ఈ ఫ్యాను గాలికి కనీసం దీపమైనా ఆరుతుందా అని చెప్పుకుంటూ పోయాను. మీసాలన్న అంతా ఓపికగా విన్నాడు.

"నువ్వు చెప్పింది బాగుండాది సార్. మరి మబ్బు యాడికి పోయింది?"

అప్పటిదాకా నా పక్కనున్న బావ మెల్లగా బండి దగ్గరికి జరిగాడు. వెనకనుంచి ఎవరో "దాన్ని పగలగొట్టండి, పీడ పోతాది" అన్నారు. ఒకాయన విమానాన్ని ఎత్తాడు కూడా. ఎత్తగానే అడుగున నాయకుడు కనిపించాడు. అందరూ ఒక్క క్షణం ఆగారు. మీసాలన్న తల గోక్కుని, "పగలగొడితే బాగుండదు, మన మనిషి ఉండాడు దీని మీద" అన్నాడు. అలా నా విమానం ప్రాణం ఆ సగం మీసం కాపాడింది. చివరికి ఊరి పెద్దలంతా తేల్చింది ఇది: విమానం ఊళ్లోనే ఉంటుంది, వాన పడిన రోజు వచ్చి తీసుకుపోవచ్చు.

బ్యాటరీ ఒక్కటైనా ఇవ్వమని బతిమాలాను. ఆ బ్యాటరీలు పసిపిల్లల్లాంటివి. నిండుగా ఉంచితే ఉబ్బుతాయి, పూర్తిగా ఖాళీ అయితే చస్తాయి, చూసుకుంటూ ఉండాలి. మీసాలన్న నవ్వి, "పానం నువ్వు ఎత్తుకొనిపోతే ఒట్టి ఒళ్లు మాకెందుకప్పా? ఆదివారం వచ్చి నీళ్లు పోస్తావో, మేతేస్తావో, ఈడనే ఏసుకో" అన్నాడు. తిరుగుదారిలో గుంతకల్లు దగ్గరికి వచ్చాక బావ, "బామ్మర్దీ, ఈ సంగతి మీ అక్కకు చెప్పొద్దు" అన్నాడు.

అలా ప్రతి ఆదివారం నేను చార్జరు సంచీలో పెట్టుకుని, జైల్లో ఉన్న చుట్టాన్ని చూడటానికి వెళ్లినట్టు ఆ పల్లెకు వెళ్లడం మొదలైంది. విమానాన్ని మీసాలన్న వాళ్లమ్మ, అందరికీ అవ్వ, తన ఇంట్లో పెట్టుకుంది. మొదటి ఆదివారం వెళ్లేసరికి అది దూలానికి తాళ్లతో వేలాడుతూ, ఒక పక్క ఎర్రగడ్డల (ఉల్లిపాయల) జడ, ఇంకో పక్క విత్తనాల గోతాం మధ్యలో ఊగుతోంది. "కింద పెడితే ఎలుకలు కొరుకుతాయి నాయనా" అంది అవ్వ. నేను దాన్ని దించి, రెక్కలు తుడిచి, తోక తీగలు సరిచూసి, బ్యాటరీకి కాస్త చార్జి పెట్టి, మళ్లీ కట్టేసేవాణ్ణి. అవ్వ పక్కనే కూర్చుని ఆవు పాలు పితికేటప్పుడు చూసినంత శ్రద్ధగా చూసేది. "దీనికి పెట్రోలు పొయ్యరా? ఉత్త కరెంటు తాగే బతుకుతాదా? నిదానస్తురాలే పాపం" అనేది. వెళ్లేటప్పుడు సంగటి, శెనక్కాయల చట్నీ పెట్టకుండా పంపేది కాదు. చట్నీలో కారం ఎంతంటే, తిన్న తర్వాత నా కళ్లలో నీళ్లు చూసి, విమానం మీద బెంగతో ఏడుస్తున్నానని ఒకసారి అందరూ నన్ను ఓదార్చారు.

రెండో వారమో మూడో వారమో వెళ్లేసరికి విమానం ముక్కుకు, ఫ్యాను వెనక అడుగున, ఒక పెద్ద నిమ్మకాయ, నాలుగు ఎండుమిరపకాయలు దారంతో బిగించి కట్టి ఉన్నాయి. రెక్కలకు పసుపు, నాయకుడి నొసట కుంకుమ. "వచ్చినోళ్లంతా దీన్నే చూస్తాండారు నాయనా, దిష్టి తగల్తాది" అంది అవ్వ. అదే రోజు ఊళ్లో వాన కోసం గాడిదలకు పెళ్లి. విమానం మూలంగా వాన పోయింది కాబట్టి, విమానం గలవాడే ఆడపిల్ల తరఫున కూర్చోవాలని మీసాలన్న తేల్చాడు. కాదంటే విమానం సంగతి ఏమవుతుందో అని కూర్చున్నాను. ఉద్యోగంలో చేరినందుకు అమ్మ కొనిచ్చిన తెల్లచొక్కా తొడుక్కుని, పెళ్లికూతురి తాడు పట్టుకుని, ఊరంతా మేళంతో ఊరేగాను. బావ డ్యూటీ ఉందని రాలేదు. (ఆ ఫొటో ఒకటి ఎవరి ఫోన్లోనో ఉందని, నా నిజమైన పెళ్లిచూపుల్లో అది బయటపడుతుందని కొన్నేళ్లు నాకు నిద్రపట్టలేదు.)

ఈ మధ్యలో నాకు తెలియకుండానే ఒక వింత జరిగింది. ఆఫీసులో పని చేస్తూ చేస్తూ కిటికీ దగ్గరికి పోయి నిలబడేవాణ్ణి. పొద్దున్నే లేచి ముఖం కడుక్కోకముందే మిద్దెక్కి పడమటి వైపు చూసేవాణ్ణి. నాయనకు ఫోన్ చేసి "ఆ పక్క ఏమన్నా పడిందా?" అని అడిగితే ఆయన "ఏమిరా, ఒంట్లో బాగుండాదా?" అన్నాడు. మొదట నా చూపు విమానం కోసమే. కానీ వారం వారం ఆ చేల గట్ల మీద నడిచి వెళుతుంటే, ఆకులు మధ్యాహ్నానికే ముడుచుకుని ఉండటం, మీసాలన్న మీసం కూడా రోజురోజుకూ వాలిపోతూ ఉండటం కళ్ల ముందే కనిపించేవి. ఒక ఆదివారం విమానం మాట నేనెత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఇద్దరం గట్టు మీద కూర్చుని మబ్బు లేని ఆకాశాన్ని చూసి లేచి వచ్చాం.

వాన ఒక బుధవారం సాయంత్రం వచ్చింది. ఆఫీసులో ఉండగా రేకుల మీద చప్పుడు వినిపించి బయటికి పరిగెత్తాను. ఫైళ్లు నెత్తిమీద పెట్టుకుని లోపలికి వస్తున్న మా పెద్ద గుమాస్తా, నేను వానలో తడుస్తూ నవ్వుతుంటే చూసి, "నీకు యా ఊర్లో సేద్యముండాది?" అని అడిగాడు. ఆదివారం దాకా ఆగలేక మర్నాడే సెలవు పెట్టి, బావను వెంటబెట్టుకుని పోయాను. చేలన్నీ తలలెత్తి ఉన్నాయి. మీసాలన్న నా భుజం మీద చెయ్యి వేసి, "మాట మాటే సార్, ఎత్తుకొనిపో" అన్నాడు. అవ్వ మాత్రం ఒక షరతు పెట్టింది. నిమ్మకాయ విప్పకూడదు. ఎండిపోతే కొత్తది కట్టాలి.

ఊరు దాటగానే విప్పేద్దామని అనుకున్నాను, బావే వద్దన్నాడు. సరే, దానితోనే ఎగరేద్దాం, పడితే పడుతుంది అని విసిరాం. విమానం ముక్కు ఎత్తలేదు, ఆగలేదు, పడలేదు. గీత గీసినట్టు పోయింది. ఇన్నాళ్లూ తోక బరువుకు ముక్కున కావలసిన తూకం సరిగ్గా ఒక నిమ్మకాయ, నాలుగు ఎండుమిరపకాయలు. నేను చేసిన కోణాల లెక్కలన్నీ గుర్తొచ్చి నేలమీద కూలబడి నవ్వాను. బావ అప్పటినుంచి ఆ డిజైనులో తనకూ భాగముందని చెప్పుకుంటాడు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. దీపావళి తర్వాత ఒక ఉదయం మీసాలన్న ఫోన్ చేశాడు. గొంతు బొంగురుగా ఉంది.

"సార్, ఆ విమానం మంచిగుండాదా?"

"ఉంది అన్నా. ఎందుకు?"

"ఇప్పుడే తీసుకొని రాప్పా. ఊరంతా శెనక్కాయ కట్టె పెరికి చేలల్లో ఆరేసినాం. కాయ దానికే ఉండాది. తుపానంట, తూర్పున మబ్బు కమ్ముకొని వస్తాండాది. తడిసిందంటే కాయ నల్లబడి మొలకొస్తాది, పట్టించుకునే నాథుడుండడు. నువ్వొచ్చి తోలాల."

నేను నోరు తెరిచాను. మబ్బుల ఎత్తు గురించి, ఫ్యాను గాలి గురించి నేను చెప్పాల్సిన పాఠమంతా నాలుక చివరే ఉంది. బొమ్మ విమానానికి గాలివాన పడదు, లోపల నీళ్లు చేరితే మోటారు కాలిపోతుంది, ఆ గాలికి ఎగరేస్తే తిరిగి రాదు, అదీ తెలుసు. "వస్తున్నా అన్నా" అన్నాను. బావ డ్యూటీ దిగి అప్పుడే ఇంటికి వచ్చాడు, స్నానం కూడా చేయకుండా బండి తీశాడు.

వెళ్లేసరికి ఊరంతా బీడులో ఉంది. చేల నిండా పెరికిన శెనక్కాయ కట్టె వరసలు. కొందరు వాటి మీదికి టార్పాలిన్ పట్టలు లాగుతున్నారు, ఆ పట్టలు చాలవని అందరికీ తెలుసు. అవ్వ కొంగులోంచి కొత్త నిమ్మకాయ తీసి స్వయంగా కట్టింది. "పో తల్లీ" అని విమానం వీపు నిమిరింది. బావ విసిరాడు. ఎదురుగాలికి అది పక్కకు కొట్టుకుపోయి, లేచి, మబ్బు కిందికి చేరింది. వెనక నుంచి "ఈ పక్క, ఈ పక్క", "గుట్ట మీదికి తోలు", "రాయదుర్గం దిక్కుకు తిప్పు" అని అరుపులు. నేనూ గుట్ట వైపే తిప్పాను. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపు నేను విమానం ఎగరేయలేదు, మబ్బులే తోలాను. మొదటి చినుకులు ముఖాన పడ్డాయి. విమానం బ్యాటరీ అయిపోతోందని రిమోటు కూత పెట్టింది. దించితే విమానం దక్కుతుంది. నేను దించలేదు. నాయకుడి మీసం ఒకసారి కనిపించి, తలకిందులై, మళ్లీ కనిపించి, గాలి విసురుకు గుట్ట దగ్గరి ముళ్లకంపల్లోకి వెళ్లిపోయింది.

చినుకులు ఆగాయి. మబ్బు మెల్లగా పక్కకు జరిగి, గుట్ట దాటి, రాయదుర్గం వైపు వెళ్లిపోయింది. మీసాలన్న వచ్చి నా చేతులు రెండూ పట్టుకున్నాడు. "అన్నా, గాలి మళ్లింది, నా వల్ల కాదు" అన్నాను. "నీ వల్ల కాకపోతే మబ్బు యాడికి పోయింది?" అన్నాడు. పాత ప్రశ్నే, ఈసారి కళ్లలో నీళ్లతో. కంపలోంచి ఏరి తెచ్చిన ముక్కల్లో నిమ్మకాయ ఒక్కటే చెక్కు చెదరలేదు. (ఆ సాయంత్రం రాయదుర్గంలో వాన దంచికొట్టింది. అక్కడ జీన్సు ప్యాంట్లు కుట్టే మా పిన్నమ్మ మిద్దె మీద ఆరేసిన బట్టలన్నీ తడిస్తే, ఆమె నెల రోజులు ఆకాశాన్ని తిట్టింది. అసలు తోలినవాణ్ణి నేనని ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు.)

ఇప్పుడు నా దగ్గర మంచి మంచి విమానాలున్నాయి. కొనుక్కున్నవి, వాటికి తోక బరువు ఉండదు. పొలాల మీద మందు కొట్టే డ్రోన్లు తిరుగుతున్నాయి, తలెత్తి చూసేవాళ్లు లేరు. అవ్వ లేదు. మీసాలన్న అప్పుడప్పుడు శెనక్కాయలు పంపిస్తాడు, ఫోన్లో ముందుగా వానల సంగతి, ఆ తర్వాతే నా బాగోగులు. మొన్న శ్రావణంలో ఒక ఆదివారం గుంతకల్లు బయట ఎగరేస్తున్నాం, నేను, రిటైరయిన బావ. పడమట ఒక నల్లమబ్బు లేచింది. నేను గబగబా విమానం దించి, ఫ్యాను ఊడదీసి సంచీలో పెట్టేశాను. ఎవరూ అడగలేదు, దరిదాపుల్లో రైతులు కూడా లేరు.

బావ నన్ను చూసి నవ్వాడు. "ఏం బామ్మర్దీ, ఇంత చదువుకొని, నువ్వూ నమ్ముతాండావా?"

"నమ్మకమేముంది బావా" అన్నాను, సంచీ జిప్పు వేస్తూ. "ఎందుకులే, ఊడ దిగే టైము."